ఎంబీఏ మార్కెటింగ్: సిలబస్ దాటితేనే ఉద్యోగం

ఎంబీఏలో ఫైనాన్స్ తీసుకున్నా, హెచ్ఆర్ తీసుకున్నా, కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో మొదటి ఉద్యోగానికి తిరిగే విద్యార్థికి ఎక్కువగా ఎదురయ్యేది అమ్మకాల పనే. ప్రైవేటు బ్యాంకులో ఖాతాలు తెరిపించడం, బీమా పాలసీలు, మైక్రోఫైనాన్స్, విత్తనాలు, పురుగుమందులు, సబ్బులు, టీపొడి. అందుకే మార్కెటింగ్ పేపర్‌ను పాస్ మార్కుల కోసం చదివి వదిలేస్తే నష్టపోయేది ముందుగా మన పిల్లలే. బాబాయి షోరూమో, మేనమామ ఏజెన్సీనో వెనుక ఉన్నవాళ్లకు ఆ పేపర్ రాకపోయినా గడుస్తుంది.

క్లాసులో చెప్పేది చాలావరకు పాత సరుకే. వస్తువు, ధర, చోటు, ప్రచారం అనే నాలుగు ‘పీ’ల లెక్కను జెరోమ్ మెకార్తీ 1960లో రాసిన పుస్తకంలో పెట్టాడు. దాన్ని ఫిలిప్ కోట్లర్ ప్రపంచమంతా తిప్పాడు. మంచి లెక్కే. ఇంద్రవెల్లి అంగడిలో కూరగాయలు అమ్మే తల్లికి పొద్దుగూకే వేళకు ధర ఎంత దించాలో, ఏ మూల కూర్చుంటే గిరాకీ వస్తుందో ముందే తెలుసు. బిడ్డకు కాలేజీ ఇవ్వాల్సింది ఆ తెలివికి కంపెనీ భాష. చాలా కాలేజీలు ఇచ్చేది మాత్రం ఇంగ్లీషు నిర్వచనాలు.

కంపెనీ భాష అంటే ఏమిటో చూద్దాం. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సరుకు ప్రైమరీ సేల్స్. డిస్ట్రిబ్యూటర్ నుంచి కిరాణా షాపుకు పోయేది సెకండరీ సేల్స్. డిస్ట్రిబ్యూటర్ గోదాము నింపేసి ఈ నెల టార్గెట్ అయిందనిపించుకోవచ్చు. షాపులో సరుకు కదలకపోతే వచ్చే నెల ఆర్డర్ రాదు. ఏ రోజు ఏ వీధి షాపులు తిరగాలో చెప్పేది బీట్ ప్లాన్. షాపాయనకు మార్జిన్ ఎంత, ఉద్దెర ఎన్ని రోజులు, ఐదు రూపాయల ప్యాకెట్ ఎందుకు పోతుంది, పెద్ద ప్యాకెట్ ఎందుకు ఆగుతుంది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన విద్యార్థిని ఏ సేల్స్ మేనేజరైనా కాసేపు కూర్చోబెట్టి వింటాడు.

ఇది నేర్చుకునే అవకాశం కోర్సులోనే ఉంది. దాని పేరు ప్రాజెక్ట్. కానీ జిరాక్స్ సెంటర్‌లో పాత ప్రాజెక్ట్‌కు కొత్త అట్ట వేయించి ఇచ్చేయడం అలవాటైపోయింది. దానికి బదులు మీ మండల కేంద్రంలో ముప్పై కిరాణా షాపులు తిరగండి. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి రైతు ఏ విత్తనం ఎందుకు కొన్నాడో అడగండి. ఉట్నూరు ఆదివాసీ మహిళల ఇప్పపూల లడ్డూలను కొనేదెవరో, కొని మళ్లీ రానిదెవరో రాసుకోండి. రెండు వారాల తిరుగుడు. ఇంటర్వ్యూలో మీరు చెప్పే ప్రతి అంకె మీదే అవుతుంది.

దీనికి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేర్లే. సవర్ణ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని 100 అనుకుంటే, దళిత పేరుకు అది 67, ముస్లిం పేరుకు 33. అదే ఏడాది ప్రచురించిన అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. ప్రతిభే చూస్తామన్న ఆ మేనేజర్లే అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడగడం మామూలేనన్నారు. మన దగ్గర ఇంటిపేరు దాకా కూడా పోనక్కర్లేదు. రెజ్యూమేలో సోషల్ వెల్ఫేర్ గురుకులం అన్న ఒక్క మాట చాలు.

కస్టమర్లను వయసు, ఆదాయం, ఊరు చూసి విడగొట్టడాన్ని పుస్తకం సెగ్మెంటేషన్ అంటుంది. అభ్యర్థులను కూడా అట్లాగే విడగొడతారని మాత్రం అందులో ఉండదు. సేల్స్‌లో దీనికి తయారుగా ఒక సాకుంది: ‘కస్టమర్ కలుపుకోవాలి కదా’. పురుగుమందుల డీలరు, పెద్ద రైతు ఎక్కువగా ఆధిపత్య కులాలవాళ్లే అయిన చోట ఈ మాటకు అర్థమేమిటో వేరే చెప్పాలా? సొంత సర్వే ఈ వివక్షను ఆపలేదు. ‘మీ నాన్న ఏం చేస్తాడు’ అన్న ప్రశ్న దగ్గర ఇరుక్కున్న ఇంటర్వ్యూను పని మీదికి లాగే దారి ఒకటి చేతికిస్తుంది, అంతే.

ఉద్యోగం వద్దనుకున్నవాళ్లకూ ఈ చదువు అవసరమే. 2021లో హుజూరాబాద్‌లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలతో యూనిట్లు ఇచ్చినప్పుడు చాలామంది వాహనాల వైపు మొగ్గారు. ఒకే ఊళ్లో అన్ని బండ్లకు కిరాయి ఎక్కడిది అన్నది అచ్చంగా మార్కెటింగ్ ప్రశ్న. పక్కన కూర్చుని ఆ లెక్క వేసిపెట్టగల ఎంబీఏలు అదే జిల్లాలో ఖాళీగా ఉన్నారు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మూడు చూసుకోవాలి. జీతంలో ఖాయంగా వచ్చేదెంత, ఇన్సెంటివ్ ఎంత? పెట్రోలు ఖర్చు ఎవరిది? ఇస్తున్న ఏరియాలో ఇంతకుముందు నెల అమ్మకం ఎంత? ఎవరూ అమ్మలేక వదిలేసిన ఏరియా ఇచ్చి ఆరు నెలలకు ‘పనితీరు బాగాలేదు’ అనడం ఈ రంగంలో పాత పద్ధతి.

ఇక కాలేజీల సంగతి. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. కానీ మన పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో కాలేజీలకు వెళ్లేది ప్రభుత్వ సొమ్ము. బకాయిలు రాలేదంటూ సర్టిఫికెట్లు ఆపడం తెలిసిన యాజమాన్యాలకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎందరికి, ఏ కంపెనీలో, ఎంత జీతానికి ఉద్యోగం వచ్చిందో ఏటా నోటీసు బోర్డు మీద పెట్టడం కష్టం కాదు. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చింది 2008లో. విద్యార్థి సంఘాలు ఈ లెక్కను అక్కడి నుంచే అడగడం మొదలుపెట్టవచ్చు.