వీసా మనదా, కంపెనీదా?

పద్మనగర్ గల్లీలలో సాంచెల చప్పుడుతోపాటు ఈ కాలంలో మరొక మాట తరచుగా వినబడుతున్నది: "మా వోనికి ఆన్‌సైట్ వచ్చింది." పూనాలోనో, హైదరాబాదులోనో కంప్యూటరు కంపెనీలో పనిచేసే కొడుకునో, కూతురునో ఆ కంపెనీయే అమెరికాలోని తన ఆఫీసుకు పంపుతున్నదన్నమాట. ఇంటింటికీ మిఠాయి పంచుతారు. సంతోషమే. కాని "ఏ వీసా మీద పోతున్నాడు?" అని అడిగితే చాలామంది "అదంతా కంపెనీయే చూసుకున్నదండీ" అని ఊరుకుంటారు. ఆ జవాబులో వారు ఎరుగని నిజమొకటి ఉన్నది. ఆ వీసాను కంపెనీ చూసుకోవడమే కాదు, ఆ వీసా కంపెనీదే. దానివల్ల ఇంటికి వచ్చే మేలూ ఉన్నది, చిక్కూ ఉన్నది. రెండూ విమానమెక్కక ముందే తెలిస్తే మంచిది.

మన పెద్దలు కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు, మహబూబునగరు పల్లెలు విడిచి షోలాపూరుకు, బొంబాయికి, ఆ తర్వాత భీవండికి వచ్చినప్పుడు వీసా అనే మాటే లేదు. కల్యాణ్ స్టేషనులో దిగి చుట్టాల ఇల్లు వెతుక్కోవడమే. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలై, ఆ నేతపని చాలావరకు మరమగ్గాల ఊళ్ళకు తరలినప్పుడు మరికొందరు వచ్చి చేరారు. సేటు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు బాకీ తీరేదాకా ఆ కార్ఖానాలోనే పనిచేసేవాడు. తీరిన మరునాడు పక్క కార్ఖానాకు పోతే అడిగేవాడు లేడు. తర్వాత మన బంధువర్గంలోనే కొందరు గల్ఫు దారి పట్టారు. అక్కడ కఫీలు ఉన్నాడు. యజమాని ఒప్పుకోనిదే పని మారడానికి చాలాకాలం వీలుండేది కాదు. కతర్‌లో 2020లో, సౌదీలో 2021లో ఆ కట్టును కొంత సడలించారు. ఇప్పుడు మూడవ రకం ప్రయాణం వచ్చింది. టై కట్టుకొని, ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకొని పోయే ప్రయాణమిది. దీనికి గల్ఫుతో పోలికేమిటని కోపగించుకోకండి. జీతంలో పోలిక లేదు, గౌరవంలో పోలిక లేదు. యజమానితో పడిన ముడిలో మాత్రం కొంత ఉన్నది.

ఈ వీసా పేరు ఎల్‌-1. అమెరికావారు 1970 ఏప్రిల్‌లో తమ వలస చట్టాన్ని సవరించి దీనిని ఏర్పాటు చేశారు. పలుదేశాలలో శాఖలున్న కంపెనీ తన సొంత మనుషులను ఒక శాఖనుండి అమెరికా శాఖకు తెచ్చుకోవడానికి ఉద్దేశించినది. తల్లి కంపెనీ, పిల్ల కంపెనీ, ఒకే యాజమాన్యం కింద ఉన్న అక్కచెల్లెళ్ళవంటి కంపెనీలు — వీటి మధ్యనే మార్పిడి జరగాలి. పోయేవాడు అంతకుముందు మూడేళ్ళలో కనీసం ఒక సంవత్సరమైనా అమెరికా వెలుపల ఆ కంపెనీలోనే తెంపు లేకుండా పనిచేసి ఉండాలి. నిన్న పూనాలో చేరి రేపు పోతానంటే కుదరదు.

ఇందులో రెండు తెగలు. మేనేజర్లకు, పై అధికారులకు ఎల్‌-1ఏ. దీని గరిష్ఠ కాలం 7 ఏళ్ళు. ప్రత్యేక పరిజ్ఞానం కలవారికి ఎల్‌-1బి. దీనికి 5 ఏళ్ళు. ఈ "ప్రత్యేక పరిజ్ఞానం" దగ్గరే చాలా అర్జీలు తెగిపోతాయి. మన కార్ఖానా భాషలో చెప్పుకుంటే తేలికగా బోధపడుతుంది. ఎక్కడ నిలబెట్టినా సాంచె నడిపేవాడు మంచి నేతగాడే, కాని ఎల్‌-1బికి అతడు చాలడు. ఈ కార్ఖానావారు తమకని మార్చుకున్న ఈ సాంచె గుట్టు తెలిసిన జాబరు ఉంటాడు చూడండి, అతడు కావాలి. కాన్సులేటు అధికారి అడిగేదీ అదే: బయట దొరికే మనిషికి లేని తెలివి నీ దగ్గర ఏమున్నది? "నాకు జావా వచ్చు" అంటే సరిపోదు, జావా లోకానికంతటికీ వచ్చును. మా కంపెనీ సొంతంగా తయారుచేసిన ఫలానా సరుకు నా చేతిమీదుగా ఇట్లా నడుస్తున్నదని వివరించగలగాలి. ఇక ఎల్‌-1ఏ సంగతి: పదిమందిమీద కన్నువేసి ఉండే మేస్త్రిని చట్టం మేనేజరుగా ఒప్పుకోదు. అతని కింద ఉన్నవారు వృత్తివిద్యలు చదివినవారైతేనే ఒప్పుకుంటుంది.

2006లో నూటికి 6 ఉండిన ఎల్‌-1బి అర్జీల తిరస్కరణ 2014 నాటికి నూటికి 35కు ఎక్కింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలినది భారతీయులకే. ఎంత ఎక్కువ తెలిస్తే "ప్రత్యేకం" అవుతుందో తేల్చడానికి 2015 ఆగస్టులో వలస శాఖవారు కొత్త సూత్రాలు వెలువరించారు.

చదువరులు హెచ్‌-1బి పేరు వినే ఉంటారు. దానికి ఏటా 65 వేలు, అక్కడి పై చదువులు చదివినవారికి మరి 20 వేలు అని కోటా ఉన్నది, లాటరీ ఉన్నది. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుమని అధ్యక్షుని ప్రకటన వెలువడింది. ఎల్‌-1కు కోటా లేదు, లాటరీ లేదు, ఆ లక్ష డాలర్ల ప్రకటనా దీనికి వర్తించదు. కంపెనీలకు దీనిమీద మక్కువ ఎందుకో చెప్పనక్కరలేదు. అయితే ఉద్యోగి వైపునుండి చూసినప్పుడు త్రాసు అటు మొగ్గుతుంది. హెచ్‌-1బి మీద ఉన్నవాడు మరొక కంపెనీ అర్జీ పెడితే అందులోకి మారవచ్చును. ఎల్‌-1 మీద ఉన్నవాడు ఆ కంపెనీ గుంపు దాటి బయటి కంపెనీలో ఒక్క పూటయినా పనిచేయరాదు. ఉద్యోగం పోయిందా, 2017 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. ఈలోగా వేరొక కంపెనీ హెచ్‌-1బికి పెట్టుదామన్నా, లాటరీ వసంతకాలంలో, పని మొదలయ్యేది అక్టోబరులో. ఇదివరకే ఆ కోటాలో లెక్కకు వచ్చినవారికి తప్ప ఆ దారి అక్కరకు రాదు. 2022 నవంబరులోను, 2023 జనవరిలోను మెటా, గూగుల్, మైక్రోసాఫ్టు, అమెజాన్ వేలాదిమందిని తీసివేసినప్పుడు, ఒకే బెంచీమీద పక్కపక్కన పనిచేసిన ఇద్దరిలో ఒకనికి వేరే కంపెనీ గుమ్మాలు తెరిచి ఉండగా, రెండవవాడు పిల్లలను బడి మానిపించి సామాను కట్టుకోవలసిన తేడా ఇక్కడ వచ్చింది.

జీతం మాట మొదటనే తేల్చుకోవలసినది. హెచ్‌-1బికి ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం ఇవ్వాలని నియమం ఉన్నది. ఎల్‌-1కు ఆ నియమం లేదు. కనీస వేతన చట్టం మాత్రం ఆ గడ్డమీద పనిచేసే అందరికీ వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ పట్టణపు ఎలక్ట్రానిక్స్ ఫర్ ఇమేజింగ్ అనే కంపెనీ తన బెంగుళూరు ఆఫీసునుండి ఎనిమిదిమందిని పిలిపించుకొని, వారానికి 122 గంటలదాకా పని చేయించి, బెంగుళూరు జీతమే రూపాయలలో ఇచ్చింది. లెక్కవేస్తే గంటకు 1 డాలరు 21 సెంట్లు పడింది. అప్పటి అక్కడి కనీస వేతనం గంటకు 8 డాలర్లు. 2014లో అమెరికా కార్మిక శాఖ పట్టుకొని 40 వేల డాలర్లకు పైగా బకాయి కట్టించింది. జరిమానా మాత్రం 3,500 డాలర్లు! మీటరు లెక్కన కూలి తెలిసినవారు మనం, ఆ జరిమానా ఎంత చిన్నదో మనకు వేరే చెప్పాలా? కనుక "జీతం ఏ దేశపు లెక్కన, ఏ నాణెంలో, ఇంటి అద్దె, వైద్య బీమా ఎవరివి?" అని అడగడానికి మొగమాటపడకూడదు. జవాబు కాగితంమీద తీసుకోవాలి.

మరొక సంగతి. తన కంపెనీ పేరున పోయి, అక్కడ ఖాతాదారు ఆఫీసులో కూర్చొని, వారి అజమాయిషీలో పనిచేయడం ఒకప్పుడు విరివిగా ఉండేది. 2004 చట్టంతో ఎల్‌-1బి వారికి అది కుదరకుండా పోయింది. కూలికి మనిషిని సరఫరా చేసినట్టుగా ఉండరాదని ఆ చట్టం భావం. పోయిన తర్వాత "నిన్ను ఫలానా బ్యాంకులో కూర్చోబెడతాము" అంటే కంపెనీ వకీలును అడిగి తేల్చుకోవాలి.

ఇక ఇంటివారి విషయం. భార్యకు లేక భర్తకు, 21 ఏళ్ళు నిండని పెళ్ళికాని పిల్లలకు ఎల్‌-2 ఇస్తారు. ఈ వీసాలో మెచ్చుకోదగినది భార్యాభర్తల ఏర్పాటే. 2002 చట్టంతో ఎల్‌-1 వారి జీవిత భాగస్వామికి అక్కడ ఉద్యోగం చేసుకొనే హక్కు వచ్చింది. మొదట వేరే అనుమతి కార్డు తెచ్చుకోవలసి ఉండేది, అది ఆలస్యమై ఎందరో స్త్రీలు చేతిలోని ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2021 నవంబరులో ఒక కోర్టు రాజీ ఫలితంగా ఆ హోదాయే అనుమతి అయింది. చదువుకున్న కోడలు నాలుగేళ్ళు గోడలు చూస్తూ కూర్చోవలసిన పని లేదన్నమాట. కూతురు ఎల్‌-1 మీద పోతే అల్లునికీ ఇదే హక్కు. దీనికి మన ఇళ్ళలో కొందరు ముఖం చిట్లించడం నేను చూశాను. చిట్లించనివ్వండి! పిల్లలు మాత్రం చదువుకోవచ్చును గాని పనిచేయరాదు, 21 నిండగానే ఆ నీడ తొలగిపోతుంది. పదహారేళ్ళ పిల్లను వెంట తీసుకొనిపోయేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

భీవండి వారికి ప్రత్యేకంగా వచ్చే తంటా పేర్లది. తెలుగు నాట ఇంటిపేరు ముందు, అదీ ఒక అక్షరంగా పొట్టిచేసి. మహారాష్ట్రంలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పెళ్ళయితే స్త్రీకి భర్త పేరు, భర్త ఇంటిపేరు చేరతాయి. మనకు తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం కనుక, పిల్లవాని జనన పత్రం సిరిసిల్ల మునిసిపాలిటీది, బడి పత్రం భీవండిది. రెండింటిలో పేరు రెండు విధాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ఇంకా వింత: వీసామీద ఉన్న పేరంతా ఇంటిపేరుగా మారి, అసలు పేరు స్థానంలో "పేరు తెలియదు" అనే అర్థంతో ఎఫ్‌.ఎన్‌.యు. అని మూడక్షరాలు పడతాయి. అక్కడ బ్యాంకులోను, మోటారు లైసెన్సులోను అదే పేరై కూర్చుంటుంది. పెళ్ళి రుజువుకు పెళ్ళిపత్రికను, ఫొటోలను నమ్ముకోరాదు, రిజిస్ట్రారు ఇచ్చిన పత్రం తీసుకోవాలి. మహారాష్ట్రంలో దీనికి 1998 చట్టం ఉన్నది. పేరు సరిచేసుకోవలసి వస్తే రాష్ట్ర గెజెట్టులో ప్రకటన వేయించే పద్ధతి ఉన్నది. దానికి వారాలు పడుతుంది. ఆన్‌సైట్ కబురు వచ్చిన తర్వాత మొదలుపెడితే ఊపిరాడదు.

ఉన్న కాలంలో ఇండియాకు వచ్చిపోయిన రోజులను ఆ 5 ఏళ్ళ, 7 ఏళ్ళ లెక్కనుండి తీసివేయించుకోవచ్చును. విమానపు బోర్డింగు ముక్కలు పారవేయకండి. అక్కడే స్థిరపడగోరేవారికి ఎల్‌-1ఏ దారి కొంత మెరుగు, మేనేజర్లకు గ్రీన్‌కార్డులో మొదటి వరుస ఉన్నది. ఎల్‌-1బి వారు సాధారణంగా రెండవ, మూడవ వరుసలలో నిలబడాలి. ఏ దేశానికీ నూటికి 7కు మించి ఇవ్వరాదనే నియమంవల్ల భారతీయులకు ఆ వరుసలు ఏళ్ళ తరబడి కదలవు, 5 ఏళ్ళ గడువు ముందే ముగిసిపోతుంది. ఇంగ్లండులో 2022 ఏప్రిల్ 11 నుండి ఈ జాతి వీసా పేరు మారింది. ఆ వీసా నేరుగా స్థిరనివాసానికి దారితీయదు.

తల్లిదండ్రులకు ఎల్‌-2లో చోటు లేదు. మనుమని చూడాలంటే సందర్శక వీసాకు వేరే అర్జీ పెట్టి, బాంద్రా–కుర్లా కాంప్లెక్సులోని కాన్సులేటు కిటికీ ముందు నిలబడాలి. ఇక్కడ చట్టంలో ఒక చిత్రమున్నది. ఎల్‌-1 మీద పోయేవాడు అక్కడే ఉండిపోవాలనే కోరిక ఉన్నా దానిని తప్పు పట్టరు. సందర్శకుడు మాత్రం వలసపోవడానికే వచ్చాడని మొదట అనుకొని, కాదని అతనిచేతనే రుజువు చేయిస్తారు. కాబట్టి కొడుకును అడగని "తిరిగి వస్తావా?" అనే ప్రశ్నను భీవండిలో సొంత ఇల్లు, పన్నెండు సాంచెలు ఉన్న తండ్రిని అడుగుతారు. ఇంటిపన్ను రసీదులు, కార్ఖానా కాగితాలు, బ్యాంకు పుస్తకం వెంట ఉంచుకొండి. అధికారి చూడవచ్చును, చూడకపోవచ్చును. అడిగినదానికి మాత్రం మీకు వచ్చిన భాషలో, రెండు ముక్కలలో చెప్పండి.