మనోవ్యాధికీ మందుంది... ఓపిక పట్టాలి

వరంగల్: "మనోవ్యాధికి మందు లేదు" అని పెద్దలు అంటారు. 1950 నాటికి ఆ మాట దాదాపు నిజమే. ఆ తరువాత దేశదేశాల్లో జరిగిన పరిశోధనలు దాన్ని తిరగరాశాయి. కుంగుబాటు జబ్బుకు ఇప్పుడు మందులున్నాయి. అయితే అవి ఎన్నాళ్ళకు పనిచేస్తాయో తెలియక నాలుగు రోజులు మింగి, గుణం కనిపించలేదని మానేసేవారు ఎందరో. మందు ఉండీ ఫలితం దక్కకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

రంది వేరు, రోగం వేరు

పంట పోతే, ఇంట్లో మనిషి పోతే రంది పడటం సహజం. పది మంది పలకరిస్తే, పనిలో పడితే ఆ రంది మెల్లగా తగ్గుతుంది. అలా కాక రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా మనసు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, తాను ఎందుకూ కొరగాననే ఆలోచన వెంటాడుతుంటే అది జబ్బు కావచ్చు.

పల్లెల్లో ఈ జబ్బు తరచు ఒంటి బాధల రూపంలో బయటపడుతుంది. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండెదడ, నీరసం అంటూ ఆర్.ఎం.పి. దగ్గర బలానికి సూది వేయించుకుంటారు. గాలి సోకిందనో, బాణామతి చేశారనో తిరిగేవారూ ఉన్నారు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడినవారే.

1997-98లో పత్తి దెబ్బతిన్నప్పుడు వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ చావులన్నిటికీ జబ్బే కారణమనడం తప్పు. అప్పుకు, పురుగుకు, పడిపోయిన ధరకు మాత్ర లేదు. కాని అప్పుకు కుంగుబాటు తోడైతే, ఉన్న దారి కూడా మనిషికి కనిపించదు. ఆ దారి వెతుక్కునే శక్తిని తిరిగి తేవడమే మందు చేసే పని.

క్షయ మందుతో మొదలు

ఈ మందుల కథ చిత్రంగా మొదలైంది. 1952లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో సీవ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచాన పడినవారు హుషారుగా తిరగడం, ఆకలిగా తినడం చూసి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. 1957 నాటికి దాన్ని కుంగుబాటు రోగులకు వాడి చూశారు. కాలేయానికి హాని చేస్తున్నదని తేలి తరువాత దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది.

అదే కాలంలో స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు మరో మానసిక జబ్బు కోసం ఇచ్చిన మందును పరీక్షిస్తున్నారు. ఆ జబ్బుకు అది అంతగా పనికిరాలేదు. 1956లో కుంగుబాటు రోగులకు ఇచ్చి చూస్తే వారు తేరుకున్నారు. అదే ఇమిప్రమిన్.

ఉత్త మాత్రతో పోటీ

నలుగురికి నయమైనంత మాత్రాన మందు మంచిదని చెప్పడానికి లేదు. కొందరికి కాలం గడిస్తేనే నయమవుతుంది. మరికొందరికి డాక్టరు చేతి మాత్ర అన్న నమ్మకమే బలాన్నిస్తుంది. కొత్త విత్తనం గుణం తెలియాలంటే తెలివైన రైతు ఏం చేస్తాడు? అదే నేలలో, అదే నీటితో ఒక మడిలో పాతది, ఒక మడిలో కొత్తది వేసి చూస్తాడు. మందుల పరిశోధనా అంతే. చీటీలు వేసినట్టుగా రోగులను రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు అసలు మందు, రెండో జట్టుకు చూడటానికి అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. చివరకు లెక్క విప్పి చూస్తారు.

1965లో బ్రిటన్‌లో సుమారు 250 మంది రోగులపై ఇలాంటి పరీక్ష జరిపారు. ఇమిప్రమిన్ ఉత్త మాత్రకంటే మేలని తేలింది. ఆనాడు పేరున్న మరో మందు ఫెనెల్జిన్ మాత్రం ఆ పరీక్షలో నెగ్గలేదు. మన దేశంలో గోవాలో మామూలు ఆసుపత్రులకు వచ్చిన 450 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2003లో వెలువడ్డాయి. చవకగా దొరికే ఫ్లూయాక్సెటిన్ వాడినవారికి రెండు నెలల్లో ఉత్త మాత్రకంటే ఎక్కువ గుణం కనిపించింది. 2018లో 522 పరీక్షలను, లక్షా 16 వేలకు పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. పరిశీలించిన 21 మందులూ ఉత్త మాత్రకంటే మెరుగే. అయితే ఏదీ అద్భుతం కాదు. మొదటి మందుతోనే పూర్తిగా కోలుకునేవారు సుమారు మూడోవంతు. మిగిలినవారికి మోతాదు పెంచడమో, మందు మార్చడమో, దానికి తోడు మాటల ద్వారా చేసే చికిత్సో అవసరమవుతుంది.

ముందు ఇబ్బంది, తరువాత గుణం

నోరు ఎండటం, వికారం, నిద్రలో తేడా వంటి ఇబ్బందులు మొదటి రోజుల్లోనే వస్తాయి. గుణం మాత్రం రెండు వారాల తరువాత మొదలై, నిండుగా కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది మానేసేది ఈ మధ్య కాలంలోనే. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు వాడాలి. ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

25 ఏళ్ళలోపు వారిని మొదటి వారాల్లో ఇంటివారు కనిపెట్టి ఉండాలి. కొందరిలో ఆ రోజుల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చు. ఒకప్పుడు దిగులు, మరొకప్పుడు పట్టపగ్గాల్లేని ఉత్సాహం వచ్చేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వారికి ఈ మందులు మాత్రమే ఇస్తే ఉత్సాహం మితిమీరవచ్చు. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ గుర్తించిన లిథియం వంటివి వారికి వాడతారు. లిథియం వాడేవారికి రక్త పరీక్షలు తప్పవు.

అల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు కుంగుబాటుకు మందు కావు. వాటికి అలవాటు పడితే వదలడం కష్టం. 2015లో కల్తీ కల్లు దొరకక నిజామాబాద్ ప్రాంతంలో జనం వింతగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలు కావడానికి కారణం కల్లులో కలిపే ఇలాంటి మత్తుమందులే.

ప్రయోగానికి పిలిస్తే

2017లో జమ్మికుంట ప్రాంత యువకులు డబ్బు కోసం మందుల ప్రయోగాలకు నగరాలకు వెళ్ళిన సంగతి బయటపడి కలకలం రేగింది. అలాగని అన్ని పరిశోధనలూ మోసం కావు. అవి లేకుంటే నేటి మందులే లేవు. 2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నైతిక సంఘం అనుమతి లేకుండా ప్రయోగం జరపరాదు. లాభనష్టాలను అర్థమయ్యే భాషలో చెప్పాలి. సంతకం చేసిన పత్రం ప్రతిని అడిగి తీసుకోవాలి. మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ప్రయోగం వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. చదవనివ్వకుండా వేలిముద్ర అడిగితే లేచి రావడమే మంచిది.

ఎవరిని అడగాలి

కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం పోలేనివారు ముందుగా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చెప్పుకోవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ జరిపిన పరిశోధనలో ఆశా కార్యకర్తలే ఇంటింటికీ వెళ్ళి, నాలుగు ప్రశ్నలడిగి రోగులను గుర్తించి డాక్టర్ల దగ్గరకు పంపారు. పెద్ద ఆసుపత్రి లేని ఊళ్ళోనూ ఈ జబ్బును పట్టుకోవచ్చని దానివల్ల తెలిసింది.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416. రాత్రింబగళ్ళు ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరైనా బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడితే కసిరి ఊరుకోకూడదు. వారిని ఒంటరిగా వదలక వెంటనే ఫోను చేయాలి. మందు మొదలుపెట్టాక గోడమీద క్యాలెండరులో ఆ తేదీ రాసుకుని, ఆరు వారాలు గడిచేదాకా గుణం లేదని మానకుండా ఉండాలి.