శుక్రవారానికి ముందు వచ్చే స్టే

కోర్టుల విషయంలో ఫిల్మ్‌నగర్‌కు స్థిరమైన అభిప్రాయమంటూ లేదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ రేట్లకు కళ్లెం వేసినప్పుడు థియేటర్ల యజమానులకు హైకోర్టే దిక్కయింది. ఆ డిసెంబరు 14న ఏకసభ్య ధర్మాసనం జీవోను సస్పెండ్ చేసింది. మూడు రోజులకే ‘పుష్ప’ విడుదలైంది. అప్పుడు కోర్టు జోక్యం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. 2025 జనవరిలో ‘గేమ్ ఛేంజర్’ ప్రత్యేక షోలు, రేట్ల పెంపు మీద మొదలైన విచారణలోనే తెలంగాణ హైకోర్టు ఇంకో అడుగు వేసి, పదహారేళ్ల లోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత హాళ్లలోకి రానివ్వొద్దంది. మల్టీప్లెక్సులు గగ్గోలు పెట్టాయి. మార్చి 1న కోర్టే ఆ ఉత్తర్వును సడలించింది. అక్కరకు వచ్చిన కోర్టు న్యాయదేవత, అడ్డొచ్చిన కోర్టు పెత్తందారు అనుకోవడం సినిమావాళ్లకే ఉన్న జబ్బు కాదు. రాజకీయ పార్టీలన్నిటికీ ఉంది.

మామూలు జనం దీన్ని ఇంకోలా చూస్తారు. 2024 డిసెంబరు 13న, సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అల్లు అర్జున్‌ను జూబ్లీహిల్స్ ఇంటి దగ్గర అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు పద్నాలుగు రోజుల రిమాండ్ విధించింది, ఆ సాయంత్రమే హైకోర్టు నాలుగు వారాల మధ్యంతర బెయిల్ ఇచ్చింది. ప్రభుత్వ దూకుడుకు కోర్టు పగ్గం వేసిందని కొందరు మెచ్చుకున్నారు. డబ్బున్నవాడికి గంటల్లో దొరికే న్యాయం పేదవాడికి దక్కాలంటే ఏళ్లు పడుతుందే అని మరికొందరు నిష్ఠూరమాడారు. రెండూ నిజమే. అయితే కోర్టులకు అధికారం ఎక్కువైందా తక్కువైందా అన్న చర్చలో నాకు ముఖ్యంగా కనబడేది వేరు. ఆ అధికారాన్ని ఏ గడియలో వాడుతున్నారన్నదే అసలు ప్రశ్న. సినిమా వ్యాపారంలో మధ్యంతర ఉత్తర్వే చాలాసార్లు తుది తీర్పు.

ఎందుకో చెప్పాలంటే లెక్కల్లోకి వెళ్లాలి. సినిమా వడ్డీకి తెచ్చిన డబ్బుతో తయారవుతుంది, విడుదలకు ముందు రోజు రాత్రి దాకా ఫైనాన్షియర్ల లెక్కలు తెగవు. బయ్యర్లు అడ్వాన్సులు కట్టి ఉంటారు, థియేటర్లు తేదీలు ఖాళీ పెట్టుకుని ఉంటాయి, శుక్ర శని ఆదివారాల ఓపెనింగ్స్ మీదే చాలా చిత్రాల బతుకు. పొలం తగాదాలో స్టే వస్తే పొలం ఎక్కడికీ పోదు. సినిమాకు గురువారం స్టే వస్తే, నెల తర్వాత కేసు గెలిచినా ఆ థియేటర్లు, ఆ ప్రచారం తిరిగి రావు. రామ్ గోపాల్ వర్మ తీసిన రాజకీయ చిత్రం ‘వ్యూహం’ 2023 డిసెంబరు 29న రావాల్సింది. సెన్సార్ రివైజింగ్ కమిటీ దాటి సర్టిఫికెట్ పొందింది. టీడీపీ నాయకుడు నారా లోకేశ్ పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు ఒక్క రోజు ముందు విడుదల ఆపింది, జనవరిలో సర్టిఫికెట్‌ను రద్దు చేసి మళ్లీ పరిశీలించమంది. చివరికి సినిమా మార్చి 2న వచ్చింది. సినిమా ఎలా ఉందన్నది వేరే సంగతి. పూర్తి విచారణ లేకుండా విడుదల ఆపకూడదన్న సూత్రానికి నచ్చని సినిమా దగ్గరే పరీక్ష. అంతకుముందు 2019లో అదే దర్శకుడి ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ మార్చి 29న తెలంగాణలో ఆడింది, హైకోర్టు ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్‌లో ఆగింది. అక్కడ పోలింగ్ ఏప్రిల్ 11. కోదాడ ప్రేక్షకుడికి ఉన్న హక్కు హద్దు అవతల జగ్గయ్యపేట ప్రేక్షకుడికి లేకపోయింది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. ఒక మనిషి పరువు తెరమీద ఒకసారి పోతే నష్టపరిహారంతో తిరిగి వస్తుందా, ఎన్నికల ముందు వదిలిన బురద పోలింగ్ అయ్యాక కడిగితే ఏం లాభం అని అడుగుతారు. తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదిది. ఓటరు మీద ప్రభావం నిజంగానే తిరిగి సరిదిద్దలేనిది కావచ్చు. కానీ ఎన్నికల వేళ ప్రచార చిత్రాలను చూసుకోవడానికి ఎన్నికల సంఘం ఉంది. ఇక ప్రజాజీవితంలో ఉన్నవాళ్లకు జవాబు చెప్పుకునే వేదికలు మిగతావాళ్లకంటే ఎక్కువే. అధికారం లేని సామాన్యుడి బతుకును పేరు పెట్టి తెరకెక్కిస్తే అది వేరు. అక్కడ కోర్టు ముందే ఆపడంలో అర్థముంది. మామూలుగా ముందే ఆపడం తగదన్న దారిలోనే సుప్రీంకోర్టు కూడా ఉంది. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ చిత్రం సర్టిఫికెట్‌ను మద్రాస్ హైకోర్టు రద్దు చేస్తే, 1989లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, గొడవలవుతాయన్న బెదిరింపుకు భావప్రకటనా స్వేచ్ఛను బలిపెట్టకూడదంది. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ సంస్థల కేసులో విచారణ పూర్తికాకుండా ప్రచురణను ఆపడం దానికి మరణశిక్షతో సమానమని హెచ్చరించింది. అది పత్రికా కథనం గురించి అన్నమాట, సినిమాకు ఇంకా బాగా సరిపోతుంది.

తప్పంతా న్యాయమూర్తులదే అనడం మాత్రం సబబు కాదు. సెన్సార్ మీద నిర్మాతల అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ 1983 నుంచి ఉండేది; 2021 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఎత్తేసింది. ఫిర్యాదుదారుకు ఆ తలుపు మొదటినుంచీ లేదు, ఇప్పుడు నిర్మాతకూ లేదు. ఇద్దరూ భూమి కేసులు, సర్వీసు కేసులు కిక్కిరిసిన హైకోర్టుకే పోవాలి, అదీ ఉరుకుల పరుగుల మీద. ఇందులో ఫిల్మ్‌నగర్ వాటా కూడా తక్కువేం కాదు. రిలీజ్ డేట్ ఏడాది ముందే ప్రకటిస్తారు, మిక్సింగ్ చివరి వారం దాకా సాగుతూనే ఉంటుంది, సర్టిఫికెట్ విడుదలకు నాలుగైదు రోజుల ముందు చేతికొస్తుంది. అప్పటిదాకా సినిమాలో ఏముందో తెలియని పిటిషనర్ గురువారం కాక ఇంకెప్పుడు వస్తాడు? నిజజీవిత వ్యక్తుల మీద తీసే చిత్రాలకైనా సర్టిఫికెట్‌కూ విడుదలకూ మధ్య మూడు వారాలు వదిలితే, రెండు పక్షాల వాదన తీరిగ్గా వినకుండా స్టే ఇచ్చే న్యాయమూర్తికి అప్పుడు సాకు ఉండదు.