రంజాన్‌లో తగ్గిన మూడు కిలోలు ఈద్ తర్వాత ఎట్ల తిరిగొచ్చినయ్? ఇంట్లో వెయిట్ మిషన్ చెప్పని లెక్క

నల్లగొండలోని మా ఇంట్లో వెయిట్ మిషన్ ఇప్పుడు మంచం కింద ఉంది. దాన్ని అక్కడికి తోసింది మా భాభీ. మొన్నటి రంజాన్‌లో మొదటి రోజా నాడు చూసుకుంటే 74.2 కిలోలు. ఇరవై ఐదో రోజా నాడు 71. ఇంట్లో అందరికీ చెప్పుకుంది, మహబూబ్‌నగర్‌లో ఉన్న వాళ్ల అమ్మీకి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఈద్ మూడో రోజు రాత్రి దావత్ నుంచి వచ్చి మళ్లీ ఎక్కితే 74.6. "నెల కష్టం మూడు రోజుల్ల పోయింది, ఇగ నాతోని కాదు" అని మిషన్‌తో పాటు పొద్దున వాకింగ్ కూడా బంద్ పెట్టింది.

మిషన్ మూలకు పడితే నష్టమేం లేదు. వాకింగ్ ఆగిపోవడమే అసలు నష్టం. భాభీకి బీపీ ఉంది, వాళ్లింట్లో షుగర్ ఉంది. ఒక్క నంబర్ చూసి ఆమె మంచి అలవాటు వదిలేసింది. ఆ నంబర్ నిజమేనా అని నాకు అనుమానం వచ్చింది. నేను చదివింది బీకాం, డాక్టర్ని కాదు. కానీ లెక్కలో తేడా ఉంటే మాత్రం నాకు నిద్ర పట్టదు.

ముందు ఒక ప్రశ్న అడిగిన. "భాభీ, మొదటి రోజు ఎప్పుడు చూసినవ్?" సెహ్రీ తిని, రెండు చెంబుల నీళ్లు తాగినంక అన్నది. మరి ఇరవై ఐదో రోజా నాడు? ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు. అంటే మొదటిసారి నిండు కడుపుతో, రెండోసారి దాదాపు 13 గంటలు నీళ్లు కూడా ముట్టకుండా. మూడోసారి దావత్ భోజనం మీద. ఈ మూడు నంబర్లను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. దుకాణంలో పొద్దున గల్లా పెట్టెలో ఉన్న పైసలు, రాత్రి గల్లాలో ఉన్న పైసలు చూసి లాభం వచ్చిందనో నష్టం వచ్చిందనో ఎవరన్నా అంటారా? హోల్‌సేల్ వాడికి రేపు కట్టాల్సింది అందులోనే ఉంటుంది, ఉద్దెర రావాల్సింది అందులో ఉండదు. శరీరం కూడా అంతే. మిషన్ గల్లాలో ఎంతుందో చెప్తుంది. అందులో కొవ్వెంత, నీళ్లెంత, ఇంకా అరగని అన్నం ఎంత అనేది దానికి తెల్వదు.

నీళ్ల లెక్క తేలిక. ఒక లీటర్ నీళ్లు ఒక కిలో. ఇఫ్తార్‌లో శర్బత్, నీళ్లు, పుచ్చకాయ ముక్కలు కలిపి లీటరున్నర లోపలికి పోతే అప్పటికప్పుడు కిలోన్నర పెరిగినట్టే. ఎండాకాలంలో పాలమూరు ఎండకు చెమట పట్టి, నీళ్లు తాగకుండా ఉంటే అంతే తేలిగ్గా తగ్గుతుంది. ఇందులో కొవ్వు ఒక్క గ్రాము కూడా కదలలేదు.

ఉప్పు సంగతి ఇంకో రకం. శరీరం తనలో ఉప్పు, నీళ్ల పాళ్లు చెడకుండా చూసుకుంటుంది. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ గుర్తుంది కదా, అందులో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. శరీరం కూడా దాదాపు అదే పాళ్లలో నీళ్లను పట్టి ఉంచుకుంటుంది. దావత్‌లో బగారా అన్నం, దాల్చా, పక్కన ఆచార్, పాపడ్ తింటే ఎంత ఉప్పు పోయిందో మనకు తెలియదు. అది మూత్రంలో బయటికి పోయేదాకా, ఒకట్రెండు రోజులు, దానికి తగ్గ నీళ్లు లోపలే ఉంటాయి. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది బీపీ గురించి చెప్పిన మాటే అయినా మిషన్ నంబర్ మీద కూడా దాని ప్రభావం కనిపిస్తుంది.

ఇక చాలామందికి తెలియనిది గ్లైకోజెన్. మనం తిన్న అన్నం, రొట్టెలో కొంత భాగాన్ని శరీరం అత్యవసరం కోసం లివర్‌లో, కండరాల్లో దాచుకుంటుంది. మొత్తం నాలుగైదు వందల గ్రాములు. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అంటే నిల్వ మొత్తం ఖర్చయితే దగ్గర దగ్గర రెండు కిలోలు మాయమైనట్టు కనిపిస్తుంది. అన్నం పూర్తిగా మానేసినవాళ్లకు మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గడం వెనకున్న రహస్యం ఇదే. మళ్లీ రెండు పూటలు కడుపునిండా తింటే ఆ నిల్వ నిండుతుంది, నీళ్లు కూడా తిరిగొస్తాయి. "పది రోజుల్లో ఐదు కిలోలు గ్యారంటీ" అని పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్లు బతికేది ఈ రెండు కిలోల మీదే అని నా అభిప్రాయం.

భాభీ భయాన్ని లెక్కతోనే తీసేయొచ్చు. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. ఇరవై ఐదో రోజా నుంచి ఈద్ మూడో రోజుకు పెరిగింది 3.6 కిలోలు. అదంతా కొవ్వే అయితే, రోజూ ఖర్చయ్యేది పోగా 27,000 కేలరీలకు పైగా అదనంగా తినాలి. పెద్ద మనిషికి రోజుకు కావాల్సింది రెండు వేలు, రెండున్నర వేలు. ఎన్ని దావత్‌లు తిరిగినా, ఎంత షీర్ ఖుర్మా తాగినా వారం రోజుల్లో అంత తినడం ఎవరివల్లా కాదు. పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్లు, ఉప్పు, కడుపులో ఉన్న తిండే.

అదే లెక్క ఇరవై ఐదో రోజాకు కూడా పెట్టాలి, అది భాభీకి నచ్చలేదు. తగ్గిన మూడు కిలోల్లో కూడా ఎక్కువ భాగం అదే. రోజాలు, బరువు మీద వేర్వేరు దేశాల్లో జరిగిన 35 అధ్యయనాలను కలిపి లెక్కేసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. రంజాన్‌లో సగటున తగ్గింది 1.24 కిలోలు. నెల అయిపోయాక కూడా చూసిన అధ్యయనాల్లో, రెండు వారాల్లోనే సగటున 0.72 కిలోలు తిరిగొచ్చింది. రోజా ఇబాదత్ కోసం, బరువు కోసం కాదనేది వేరే విషయం. కానీ తగ్గుతామని ఆశ పెట్టుకునేవాళ్లు ఈ అంకెలు గుర్తుంచుకుంటే ఈద్ తర్వాత గుండె పగలదు.

ఆడవాళ్లకు ఇంకొకటి ఉంది, ఇంట్లో ఎవరూ మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. పీరియడ్స్‌కు ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి కొందరికి అర కిలో, కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెరుగుతుంది. తర్వాత దానంతట అదే పోతుంది. కాబట్టి ఈ నెల మూడో వారం బరువును వచ్చే నెల మూడో వారంతో పోల్చాలి, మొదటి వారంతో కాదు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా ఇట్లనే అవుతుంది. నొప్పి పట్టిన కండరాలు కోలుకునేటప్పుడు నీళ్లు పట్టుకుంటాయి. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పది రోజులు చెమటోడ్చి తిరిగి, మిషన్ ఎక్కితే బరువు పెరిగి కనిపించిందని మానేసినవాళ్లు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు.

మిషన్‌లో కూడా లోపాలుంటాయి. డిజిటల్ మిషన్ నాలుగు కాళ్ల దగ్గర లోడ్ సెల్స్ అనే చిన్న లోహపు ముక్కలుంటాయి. మనం ఎక్కితే అవి వెంట్రుకంత వంగుతాయి, ఆ వంపు కరెంట్‌లో తెచ్చే మార్పును లోపలి చిప్ కిలోలుగా మారుస్తుంది. నాలుగు కాళ్లూ గట్టి నేల మీద సమానంగా ఆనితేనే లెక్క సరిగ్గా వస్తుంది. మన పాత ఇళ్లలో షాబాద్ బండలు, తాండూరు బండలు ఉంటాయి. ఒక కాలు బండ సందులో పడితే, లేదా కింద చాప, కార్పెట్ ఉంటే నంబర్ మారిపోతుంది. మా ఇంట్లో హాల్లో ఒక బరువు, వంటింట్లో ఒక బరువు చూపించింది. ఇంకో చిత్రం, కొన్ని మిషన్లు చివరిసారి చూపించిన నంబర్‌ను గుర్తుపెట్టుకుని, వెంటనే మళ్లీ ఎక్కితే కొద్దిపాటి తేడాను పట్టించుకోకుండా అదే నంబర్ చూపిస్తాయి. మనమేమో "మూడుసార్లు ఎక్కినా అదే వచ్చింది, మిషన్ కరెక్టే" అనుకుంటాం.

కిరాణా కొట్టు కాంటాకు 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఇంట్లో వాడుకునే మిషన్‌కు ఆ తనిఖీ ఉండదు. మీరే చూసుకోవచ్చు. మీరొక్కరే ఎక్కండి, తర్వాత సీల్ తీయని పది కిలోల బియ్యం సంచి పట్టుకుని ఎక్కండి. తేడా పది కిలోలకు దగ్గరగా రావాలి. ఎనిమిదో పన్నెండో వస్తే ఆ మిషన్‌ను నమ్మకండి.

ఇప్పటిదాకా చెప్పింది ఉత్తుత్తి భయం గురించి. ఉత్తుత్తి సంతోషం ఇంకా ప్రమాదం. నిఖా దగ్గరపడగానే ఆడపిల్లలు సనా మక్కీ, అంటే సునాముఖి ఆకు, రోజూ మరిగించి తాగడం చూస్తున్నా. మలబద్ధకానికి హకీం చెప్పినన్ని రోజులు వాడితే అది మందే. బరువు కోసం వాడితే మోసం. అది పనిచేసేది పెద్దపేగు మీద. తిన్నదాంట్లో కేలరీలు అప్పటికే చాలావరకు చిన్నపేగులో రక్తంలోకి వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి విరేచనాల్లో పోయేది నీళ్లు, పొటాషియం లాంటి లవణాలు. మిషన్ కిలో తక్కువ చూపిస్తుంది, పిల్లకు కళ్లు తిరుగుతాయి. ఎక్కువైతే గుండె లయ కూడా దెబ్బతింటుంది.

మా అబ్బా సంగతి ఇంకోటి. రెండేళ్ల కింద ఆయన డైటింగ్ ఏమీ లేకుండానే నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గిండు. "మాషా అల్లా, స్మార్ట్ అయిండ్రు" అన్నరు చుట్టాలు. మేమూ సంతోషపడ్డం. పరీక్ష చేయిస్తే షుగర్ మూడు వందలు దాటింది. షుగర్ అదుపు తప్పితే శరీరం తన కండను, కొవ్వును తానే కరిగించుకుంటుంది. మిషన్‌కు అది కూడా "తగ్గుదలే". ప్రయత్నం చేయకుండా ఆరు నెలలు, ఏడాదిలో ఒంటి బరువులో ఇరవయ్యో వంతు తగ్గితే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, డాక్టర్‌ను కలవాల్సిందే.

బరువు మామూలుగా ఉన్నా నిశ్చింత కాదు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే వేసుకున్నారు. ఎత్తు, బరువు కలిపి చూసే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన దేశం వాళ్లు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోస్తారని చెప్పడానికి అంతకంటే సూటి ఉదాహరణ నేను చూడలేదు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆడవాళ్లలో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం మంది బరువు ఎక్కువున్నవాళ్లే. ఆ లెక్కకు అందని "సన్న" మనుషులు ఇంకెందరో.

మరి ఏం చేయాలి? దర్జీ టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన, మామూలుగా ఊపిరి వదిలినప్పుడు, కడుపు లోపలికి లాగకుండా కొలవండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఐదున్నర అంగుళాలు, ఆడవాళ్లకు 80, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెప్తున్నారు. పొట్ట కొవ్వు ఒక్క దావత్‌తో రాదు, ఒక్క పూట ఉపవాసంతో పోదు. నెలకోసారి కొలిస్తే చాలు.

బరువు చూడాలనుకుంటే పొద్దున లేచి బాత్రూంకు పోయొచ్చినంక, ఏమీ తినకముందు, అదే మిషన్, అదే బండ మీద చూడండి. రోజూ రాసుకుని వారం సగటు తీయండి. బీకాంలో స్టాటిస్టిక్స్ పేపర్‌లో మూవింగ్ యావరేజ్ అని చదువుకున్నం, పరీక్ష అయినంక జిందగీలో పనికొచ్చింది ఇదొక్కటే. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోలిస్తే దావత్ ఎగుడుదిగుళ్లు చాలావరకు సర్దుకుంటాయి. వారానికి పావు కిలో, అర కిలో తగ్గుతుంటే బాగా తగ్గుతున్నట్టే.

గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లకు మాత్రం ఈ సలహా తిరగేయాలి. ఒకట్రెండు రోజుల్లో కిలో, కిలోన్నర పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం వస్తే అది ఒంట్లో నీరు చేరుతున్న గుర్తు. వాళ్లకు రోజువారీ నంబరే ముఖ్యం. సగటు తీసే దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

ఈద్ అయి నెల దాటినంక భాభీ నడుము కొలిపించుకుంది. రంజాన్‌కు ముందు కుట్టించుకున్న షల్వార్ కొలత దర్జీ పుస్తకంలో ఉంది. దాంతో పోలిస్తే ముప్పావు అంగుళం తక్కువ. "ఇది టేపు గుంజి కొలిచిండు కావచ్చు" అన్నది నమ్మకుండా. మర్నాడు ఫజర్ తర్వాత వాకింగ్‌కు మాత్రం పోయింది. మిషన్ ఇంకా మంచం కిందనే ఉంది.