పోటు ఆగిన పన్ను

రాత్రుళ్లు కంటిమీద కునుకు లేకుండా చేసిన పన్ను ఉన్నట్టుండి ఊరుకుంటుంది. హమ్మయ్య, డాక్టరు దగ్గరికి వెళ్లే పని తప్పిందనుకుంటాం. పంటి జబ్బులో అన్నిటికంటే మోసం చేసే ఘట్టం అదే.

తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పంటిమీద పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఎనామిల్‌లో నరాలు లేవు కాబట్టి ఎంత కరిగినా మనకు తెలియదు. దాని కిందున్న డెంటిన్ బయటపడ్డాకే తొలిసారి జివ్వుమంటుంది. డెంటిన్ నిండా కంటికి కనబడనంత సన్నని గొట్టాలు, వాటినిండా ద్రవం. చదరపు మిల్లీమీటరులోనే ఇవి వేలల్లో ఉంటాయి. చల్లనీళ్లు తగిలితే ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని రేపుతుంది. ఈ వివరణకు 1960లలో ప్రయోగాలతో బలం చేకూర్చినవారు స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రెన్‌స్ట్రోమ్. 2021లో ఇంకో సంగతి బయటపడింది. డెంటిన్‌ను తయారుచేసే కణాల్లో చలిని పసిగట్టే టీఆర్‌పీసీ5 అనే ప్రోటీన్ ఉందని ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. లవంగ నూనెలోని యూజినాల్ దాన్ని అడ్డుకోగలదు. అమ్మమ్మలు దూది ముంచి పెట్టిన మందుకు శాస్త్రం ఇన్నాళ్లకు కారణం చూపిందంటే నాకు సంతోషంగా ఉంటుంది. అయితే లవంగం నొప్పినే అణచగలదు, పుచ్చును ఆపలేదు. పిప్పి పన్నులో పురుగుందని నేలవాకుడు గింజల పొగ పట్టినా పుచ్చు ఆగలేదు.

పుచ్చు ఇంకా లోతుకు దిగితే పల్ప్ వాస్తుంది. నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగమది. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. పల్ప్ చుట్టూ మాత్రం గట్టి గోడలే. ఉబ్బే చోటులేక ఒత్తిడంతా నరాలమీదే పడుతుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరుతుంది, అందుకే రాత్రిపూట పోటు హెచ్చుతుంది.

ఏ పన్ను అని అడిగితే చాలామంది తేల్చి చెప్పలేరు. పైదో కిందిదో కూడా తెలియనివాళ్లుంటారు. పల్ప్ నరాలు బాధ చెబుతాయి కానీ చోటు సరిగా చెప్పవు. అందుకే డాక్టరు చల్లబరిచిన దూదిని ఒక్కో పంటికీ ఆనిస్తారు. దూది తియ్యగానే బాధ పోతే పల్ప్ కోలుకునే వీలుంది, తరచు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. తీశాక కూడా అర నిమిషం పైగా లాగుతూనే ఉంటే రూట్ కెనాల్ దాకా వెళ్లాల్సి రావచ్చు. తర్వాత అద్దం పిడితో పంటిని మెల్లగా తడతారు. అక్కడ కలుక్కుమంటే వ్యాధి వేరు చుట్టూ ఉన్న పొరకు పాకిందని అనుమానించాలి.

మొదట చెప్పిన ఆ నిశ్శబ్దం వచ్చేది పల్ప్ వాపుకూ, వ్యాధి వేరు చుట్టూ పాకడానికీ మధ్యలోనే. పల్ప్ చచ్చిపోతే చెప్పేందుకు నరమే మిగలదు. బ్యాక్టీరియా మాత్రం చచ్చిన పల్ప్‌లో పెరిగి, వేరు కొసనుంచి ఎముకలోకి దిగుతుంది. చచ్చిన పల్ప్‌కు రక్తం అందదు కాబట్టి యాంటీబయాటిక్ కూడా చేరదు. షాపులో అడిగి తెచ్చుకుని మింగే కోర్సులు అందుకే పంటిని బాగుచేయలేవు. లోపలిది శుభ్రం చేయాలి, లేదా పన్ను తీసెయ్యాలి. నొప్పి మాత్రను చిగురుమీద నొక్కిపెట్టడం మరీ ప్రమాదం, ఆస్పిరిన్ అయితే అక్కడి మెత్తని పొరను కాల్చేస్తుంది.

దవడ కింద వాపు గట్టిపడినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పళ్లు బాగానే ఉండి, మెట్లెక్కినప్పుడల్లా కింది దవడ లాగుతుంటే అది గుండె నుంచి వచ్చే నొప్పి కావచ్చు, ముందు గుండె డాక్టరుకు చూపించుకోవాలి.