మీకు తెలుసా? వెక్కిరింతకు గీసిన సిలువ

సిలువపై యేసును చూపే అతి పాత బొమ్మల్లో ఒకటి భక్తుడు గీసింది కాదు, ఎగతాళికి ఎవరో గోడ మీద గీకింది! రోమ్‌లోని పాలటైన్ కొండ మీద 1857లో బయటపడింది. సుమారు 1,800 ఏళ్ల నాటిదని అంచనా. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి మొక్కుతున్న ఇంకొకడు. అలెక్సమెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడని పక్కనే గ్రీకులో రాత.

అప్పట్లో సిలువంటే బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే నీచమైన శిక్ష. తొలి క్రైస్తవులు దాన్ని బొమ్మగా గీయడానికి జంకారంటే వింతేముంది? వాళ్ల సమాధుల మీద చేప, లంగరు, గొర్రెను మోసే కాపరే ఎక్కువ. నుదుటిపై వేలితో సిలువ గుర్తు వేసుకోవడం మాత్రం క్రీ.శ. 200 నాటికే ఉందని కార్తేజ్ రచయిత టెర్టూలియన్ రాతలు చెబుతాయి. 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి అండ దొరికాకే సిలువ బాహాటంగా వెలిసింది. రోమ్‌లోని శాంటా సబీనా చర్చి కొయ్య తలుపులపై సిలువ దృశ్యం చెక్కేసరికి 430 ప్రాంతం వచ్చింది.