ఇంజిన్ వార్నింగ్ లైట్ వెలిగితే కారు ఆపేయాలా, నడపొచ్చా? కోల్‌కతా రోడ్లు చెప్పే జవాబు

2025 సెప్టెంబర్ 22 రాత్రి మొదలై మర్నాడు ఉదయం దాకా కోల్‌కతాలో కుండపోత వాన కురిసింది. 24 గంటల్లోపే 250 మిల్లీమీటర్లు దాటింది. దుర్గా పూజకు సిద్ధమవుతున్న నగరంలో వీధులు కాల్వలయ్యాయి. ఇళ్ల ముందు నిలిపి ఉంచిన కార్లు నీళ్లలో నానాయి, రోడ్డు మీదున్నవి మధ్యలోనే ఆగిపోయాయి.

అలాంటి సమయంలో స్టీరింగ్ ముందున్న వ్యక్తికి కనిపించేది డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో వెలిగే చిన్న పసుపు లైటు. దాన్ని చూసి కొందరు కంగారుపడి నడిరోడ్డు మీదే బండి ఆపేస్తారు. ఇంకొందరు నెలల తరబడి పట్టించుకోరు. రెండూ ఖర్చుతో కూడుకున్న పొరపాట్లే.

ఇంతకీ ఆ లైటు ఏం చెబుతుంది? అది వెలిగినప్పుడు ఏం చేయాలి?

కాలుష్య చట్టాల నుంచి వచ్చిన లైటు

కోల్‌కతా పక్కనే ఉత్తర్‌పాడాలోని హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో 2014 మే వరకు అంబాసిడర్ కార్లు తయారయ్యాయి. కార్బురేటర్‌తో నడిచిన పాత అంబాసిడర్లలో ఈ లైటు లేదు. ఇంజిన్ చప్పుడు, పొగ రంగు, పెట్రోలు వాసన బట్టి డ్రైవరే జబ్బు పసిగట్టేవాడు.

ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటర్‌ది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, ఇంధనం, బయటికొచ్చే పొగ, వేడి అన్నింటినీ సెన్సర్లు కొలిచి దానికి చెబుతుంటాయి. లెక్క తేడా వస్తే కంప్యూటర్ ఒక కోడ్ రాసుకుని లైటు వెలిగిస్తుంది. దీన్నే ఓబీడీ అంటారు. కాలిఫోర్నియాలో 1988 మోడళ్ల నుంచి, మరింత మెరుగైన రూపంలో అమెరికా అంతటా 1996 మోడళ్ల నుంచి ఇది తప్పనిసరైంది. భారత్‌లో బీఎస్-4 ప్రమాణాలతో పాటు వచ్చింది. 2010 ఏప్రిల్ 1న ఆ ప్రమాణాలు అమల్లోకి వచ్చిన 13 నగరాల్లో కోల్‌కతా, హైదరాబాద్ కూడా ఉన్నాయి. 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చింది.

ఈ చరిత్ర తెలిస్తే ఒక చిక్కు విడిపోతుంది. ఈ లైటు పుట్టింది ప్రధానంగా పొగ అదుపు కోసం. అందుకే బండి హాయిగా నడుస్తున్నా అది వెలగొచ్చు. 'ఏ తేడా లేదు కదా, సెన్సరే పాడై ఉంటుంది' అనుకోవడం అందుకే సరైన లెక్క కాదు.

నిలకడగా వెలుగుతోందా, మినుకుమంటోందా?

మొదట చూడాల్సింది ఇదే.

నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా లాగుతూ, చప్పుడులో తేడా లేకపోతే సాధారణంగా అక్కడికక్కడే ఆగక్కర్లేదు. వేగం తగ్గించి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా ఇంటికో గ్యారేజీకో చేరొచ్చు. అయితే ఒకటి రెండు రోజుల్లో చూపించాలి.

మినుకుమినుకుమంటుంటే సంగతి వేరు. ఎక్కువ కార్లలో దానర్థం మిస్‌ఫైర్. అంటే ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదు. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోయే ప్రమాదం ఉంది. స్పార్క్ ప్లగ్‌తోనో ఇగ్నిషన్ కాయిల్‌తోనో తీరే సమస్య అప్పుడు దానికి ఎన్నో రెట్ల ఖరీదైన కన్వర్టర్ దాకా పోతుంది. మినుకుమంటూ బండి వణుకుతుంటే రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, టోయింగ్ బండిని పిలవడమే మేలు.

ఎరుపు లైట్లతో కలిపి చూడకూడదు

పసుపు రంగు 'త్వరగా చూపించండి' అంటే, ఎరుపు 'ఇప్పుడే ఆపండి' అని. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. ఆ స్థితిలో కొద్దిదూరం నడిపినా ఇంజిన్ పట్టేయొచ్చు. థర్మామీటర్ బొమ్మ ఎర్రగా కనిపిస్తే ఇంజిన్ మితిమీరి వేడెక్కింది. ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజిన్ కట్టేయాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పకూడదు. లోపల ఒత్తిడితో ఉన్న వేడి నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖం, చేతులు కాలతాయి. మే నెల ఉక్కపోతలో ఈఎం బైపాస్ మీద గంటలు గంటలు నిలిచే బండ్ల విషయంలో ఇది గుర్తుంచుకోవాల్సిన మాట.

లైటు వెలిగిన వెంటనే ఏం చేయాలి?

• ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు రావాలి. ఫ్లైఓవర్ మీద ఉంటే, బండి లాగగలిగితే, దిగాకే ఆపాలి.

• టెంపరేచర్ ముల్లు, ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు చూడాలి. ఎరుపేమైనా ఉంటే ఇంజిన్ కట్టేయాలి.

• కాలిన వాసన, పెట్రోలు వాసన, పొగ, కొత్త చప్పుడు ఉన్నాయేమో గమనించాలి.

• పెట్రోలు ట్యాంకు మూత బిగించి ఉందో లేదో చూడాలి. కొన్ని మోడళ్లలో అది వదులైనా లైటు వెలుగుతుంది.

• ఇప్పుడే పెట్రోలు కొట్టించి ఉంటే బిల్లు దాచుకోవాలి. వానల తర్వాత ఇంధనంలో నీళ్లు కలిసే అవకాశం ఉంటుంది.

• రాత్రంతా వీధిలో నిలిపిన బండి అయితే బోనెట్ ఎత్తి వైర్లు చూడాలి. ఎలుకలు కొరికిన వైరు కూడా ఇదే లైటు వెలిగిస్తుంది.

• లైటు ఎప్పుడు, ఎంత వేగంలో, ఎలా వెలిగిందో ఫోన్‌లో రాసుకోవాలి, ఫోటో తీసుకోవాలి. మెకానిక్‌కు అది సగం పని తగ్గిస్తుంది.

నీళ్లలో ఆగిన బండికి ఒకటే సూత్రం

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. గాలి వెళ్లే దారిలోంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరి ఉండొచ్చు. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. స్టార్ట్ చేయగానే పైకి వచ్చే పిస్టన్‌కు ఆ నీళ్లు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. దాన్నే హైడ్రోలాక్ అంటారు. ఇంజిన్ మొత్తం విప్పాల్సిన పరిస్థితి వస్తుంది.

బండిని టోయింగ్ చేయించాక మెకానిక్ ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. అది తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్‌లు తీసి నీళ్లు బయటికి పంపాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే మార్చాలి. ఆ తర్వాతే స్టార్టింగ్.

దిగి తోయడానికి ముందు చుట్టూ చూడటం మరీ ముఖ్యం. ఆ సెప్టెంబర్ వానకు కోల్‌కతా, పరిసరాల్లో చనిపోయినవారిలో ఎక్కువ మంది కరెంటు షాక్‌తోనే ప్రాణాలు కోల్పోయారు. కరెంటు స్తంభాలు, వేలాడే వైర్ల దగ్గర నీళ్లలో కాలు పెట్టడం కంటే బండి పోయినా పర్వాలేదు.

ఇన్సూరెన్స్ సంగతీ ఇక్కడే ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే సొంత బండికి ఏమీ రాదు. సొంత డ్యామేజీ పాలసీలో వరద నష్టం ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే దాన్ని తర్వాతి నష్టంగా చెప్పి కంపెనీలు క్లెయిం కాదనొచ్చు. దీనికోసం ఇంజిన్ ప్రొటెక్ట్ పేరుతో విడిగా యాడ్-ఆన్ అమ్ముతారు. వానాకాలానికి ముందే పాలసీ తీసి చదువుకోవడం మంచిది.

డీజిల్ కార్లకు నత్తనడక ట్రాఫిక్ తెచ్చే తంటా

టామ్‌టామ్ సంస్థ 2024 ట్రాఫిక్ సూచీ ప్రకారం కోల్‌కతాలో 10 కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 34 నిమిషాల 33 సెకన్లు పట్టింది. ప్రపంచంలో అతి నెమ్మదిగా సాగే నగరాల్లో ఆ ఏడాది అది రెండోదిగా నిలిచింది.

బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అది దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు పాకుతూ వెళ్లే బండిలో ఆ వేడి రాదు. మసి పేరుకుని ముందు డీపీఎఫ్ లైటు, ఆ తర్వాత ఇంజిన్ లైటు వెలుగుతాయి. మొదటి హెచ్చరిక దశలోనే విద్యాసాగర్ సేతు దాటి, ట్రాఫిక్ తగ్గిన హైవే మీద కొంతసేపు నిలకడైన వేగంతో నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఎంత వేగం, ఎంతసేపు అన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఫిల్టరే మార్చాల్సి రావొచ్చు.

కోడ్ చెప్పేది లక్షణాన్ని, జబ్బును కాదు

డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కోడ్ కనిపిస్తుంది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్లూ మార్కెట్లో ఉన్నాయి. పి0300 అంటే సిలిండర్లలో మిస్‌ఫైర్, పి0171 అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ, పి0420 అంటే కన్వర్టర్ సామర్థ్యం తగ్గింది.

అయితే ఒళ్లు వేడిగా ఉందన్నంత మాత్రాన మలేరియా అని తేల్చలేం. పి0171కు కారణం చిరిగిన గాలి గొట్టం కావొచ్చు, మురికిపట్టిన సెన్సర్ కావొచ్చు, బలహీనపడిన పెట్రోలు పంపు కావొచ్చు. కోడ్ చూడగానే 'సెన్సర్ మార్చేద్దాం' అనే మెకానిక్‌ను 'ఏ పరీక్ష చేసి ఈ మాట అంటున్నారు?' అని అడగాలి. మల్లిక్ బజార్‌లో పాత స్పేర్ పార్టులు చవకగా దొరుకుతాయి. కానీ పాత సెన్సర్ కొంటే అది పని చేస్తుందో లేదో బిగించాకే తెలుస్తుంది.

లైటు చెరిపేస్తే సమస్య పోయినట్టేనా?

కాదు. స్కానర్‌తో కోడ్ చెరిపితే లైటు ఆరుతుంది, లోపం అలాగే ఉంటే కొద్దిరోజుల్లో మళ్లీ వెలుగుతుంది. పైగా లోపం వచ్చినప్పటి వేగం, వేడి వంటి వివరాలు కూడా చెరిగిపోతాయి. అందుకే చెరిపే ముందు వాటిని రాసుకోమనాలి. నిజంగా బాగైతే, సాధారణంగా మూడు ప్రయాణాల్లో లోపం కనిపించకపోతే లైటు దానంతటదే ఆరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి ఇదో పరీక్ష. తాళం 'ఆన్' చేయగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, ఈ లైటు వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేశారేమోనని అనుమానించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని సరిపెట్టుకోకూడదు. అది పరీక్ష చేసిన క్షణంలో సైలెన్సర్ నుంచి వచ్చిన పొగ లెక్క మాత్రమే.

కోల్‌కతా నుంచి విశాఖ బయల్దేరేవారికి

పూజ సెలవులకో సంక్రాంతికో కోల్‌కతా, ఖరగ్‌పూర్‌ల నుంచి 16వ నంబర్ జాతీయ రహదారి మీద ఆంధ్రకు కార్లలో వచ్చే తెలుగు కుటుంబాలున్నాయి. లైటు వెలిగి ఉండగా అంత దూరం బయల్దేరకూడదు. దారిలో వెలిగితే, నిలకడగా ఉంటే దగ్గర్లోని పెద్ద ఊరి దాకా నెమ్మదిగా వెళ్లి చూపించాలి. మినుకుమంటే హైవే అంచుకు పూర్తిగా తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెనక కాస్త దూరంలో ఎర్ర త్రికోణం పెట్టి, మనుషులంతా బండి దిగి రెయిలింగ్ అవతల నిలబడాలి. జాతీయ రహదారుల సాయం నంబర్ 1033. ఫోన్ చేసేటప్పుడు రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీదున్న అంకె చెబితే సాయం బండి వెతుక్కోకుండా వస్తుంది.